మగపిల్లల పేర్లు, వాటి అర్థాలు, పుట్టుపూర్వోత్తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పించే వేళకు ఆ పేరు ఖాయమైపోయి ఉంటుంది. అంతకు ముందు వారం పది రోజుల పాటు ఇంట్లో జరిగే చర్చల్లో తలెత్తే ప్రశ్నలే ఇక్కడ ఉన్నవి. నక్షత్రాక్షరాల జోలికీ, సంఖ్యాశాస్త్రం జోలికీ మేం పోలేదు. పేరు ఏ భాషలో పుట్టింది, ఏ దారిన వచ్చింది, ఎందుకు పెట్టారు అన్నంతవరకే చెప్పాం.

పేరుకు అర్థం చెప్పడమంటే సరిగ్గా ఏం చెప్పడం?

రెండు వేరువేరు సంగతులు చెప్పడం. ఆ పేరులోని మాటకు నిఘంటువు ఇచ్చే అర్థం ఒకటి, ఆ ఇంట్లో ఆ బిడ్డకు ఆ పేరే ఎందుకు పెట్టారన్నది రెండోది. వేంకటేశ్వరుడంటే వేంకటాచలానికి ప్రభువని నిఘంటువు చెబుతుంది. కానీ వెంకటేశ్వర్లు అన్న పేరు ఒక ఇంట్లో తాతగారిది, మరొక ఇంట్లో తిరుమల మొక్కు, ఇంకొక ఇంట్లో అన్న పేరుకు జత కుదిరిన పేరు. చివరనున్న 'లు' అయితే గౌరవం కోసం చేర్చిన బహువచనం. పేర్ల పుస్తకాలు సాధారణంగా మొదటి అర్థంతోనే సరిపెడతాయి. మేం వీలున్నచోటల్లా రెండోదానికే ఎక్కువ చోటిచ్చాం.

జాన్, ఇవాన్, హువాన్, యహ్యా, యోహాను: ఇవన్నీ ఒకే పేరా?

ఒకే పేరు. హీబ్రూలో అది యోహానాన్, 'యెహోవా కృప చూపాడు' అని దాని భావం. గ్రీకు, లాటిన్ల మీదుగా ఐరోపా అంతటా పాకి, ఇంగ్లీషులో జాన్, స్పానిష్‌లో హువాన్, ఇటాలియన్‌లో జొవాన్ని, జర్మన్‌లో యోహాన్, హాన్స్, రష్యన్‌లో ఇవాన్, ఐరిష్‌లో షాన్, హంగేరియన్‌లో యానోష్ అయింది. ఖురాన్‌లోని యహ్యా ప్రవక్త, తెలుగు బైబిల్లోని బాప్తిస్మమిచ్చు యోహాను ఒక్కరే.

'య' పోయి 'జ' రావడం మనకు వింత కానక్కరలేదు. యాత్ర జాతర అయిన భాష మనది. యోగి జోగి అయ్యాడు, యమున ఉత్తరాదిన జమున అయింది. లాటిన్ యకారం కూడా ఫ్రెంచివారి నోట ఇలాగే మారి, వారి ద్వారా ఇంగ్లీషుకు చేరింది. బైబిలును తెలిగించినవారు మూలానికి దగ్గరగా ఉండే రూపాలే తీసుకున్నారు గనుక, జోసెఫ్, జేకబ్ అన్న ఇంగ్లీషు ఉచ్చారణల కంటే మన పల్లెల్లోని యోసేపు, యాకోబు పేర్లే పాత పలుకుబడికి దగ్గరగా ఉన్నాయి.

ఇంగ్లీషు బైబిల్లో జేమ్స్ అని ఉన్నచోట తెలుగు బైబిల్లో యాకోబు అని ఎందుకుంది?

జేమ్స్ కూడా యాకోబే. లాటిన్‌లోని యాకోబుస్ జనం నోట యాకోముస్‌గా మారి, ఫ్రెంచి దారిలో జేమ్స్ అయింది. ఇంగ్లీషువారు పాత నిబంధనలోని పితరుడికి జేకబ్ అనీ, కొత్త నిబంధనలోని శిష్యుడికి జేమ్స్ అనీ రెండు రూపాలు వాడుకున్నారు. తెలుగులో ఆ తేడా పెట్టలేదు. స్పెయిన్‌లో ఇదే పేరు యాగో అయింది. పునీతుడన్న బిరుదు దాని ముందు అతుక్కుపోయి శాంతియాగో అయింది. చిలీ దేశపు రాజధానికి ఆ పేరే ఉంది. యాకోబు తన కవల అన్న ఏశావు మడిమ పట్టుకుని పుట్టాడని ఆదికాండం చెబుతూ, పేరును మడిమ అన్న హీబ్రూ మాటతో ముడిపెడుతుంది. కవలలంటే గుర్తొచ్చింది: తోమా అన్నది అరమాయిక్ భాషలో 'కవల' అన్న మాటే, అంటే మొదట అది పేరు కూడా కాదు, గుర్తు.

సికిందర్ నిజంగా అలెగ్జాండరేనా?

అవును. గ్రీకులో అలెక్సాండ్రోస్ అంటే 'మనుషులను కాపాడేవాడు'. ఆ పేరు అరబ్బుల చెవిన పడినప్పుడు, మొదటనున్న 'అల్'ను వారు తమ భాషలో నామవాచకాల ముందు వచ్చే 'అల్' అనే అనుకున్నారు. అది తీసేస్తే మిగిలింది ఇస్కందర్. పారశీకం, ఉర్దూలలో అది సికందర్ అయింది. మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాదుకు ఆ పేరు వచ్చింది. సింధునది దాటి ఎంతో దూరం రాలేక వెనుదిరిగిన గ్రీకు వీరుడి పేరు, ఆయన చనిపోయిన రెండు వేల ఏళ్లకు హుస్సేన్ సాగర్ అవతలి గట్టున స్థిరపడింది.

మన సంస్కృత పేర్లకూ ఐరోపా పేర్లకూ చుట్టరికం ఉందంటారు, నిజమేనా?

కొన్నింటికి ఉంది, అది అందంగా ఉంది కూడా. సంస్కృతం, పారశీకం, గ్రీకు, స్లావు, జర్మను భాషలన్నీ ఒకే మూలభాష నుంచి చీలినవి. ఆ భాషలు మాట్లాడిన పాతకాలపువారికి పేరును రెండు మాటల సమాసంగా కట్టే అలవాటు ఉండేది, ఆ మాటల్లో వారికి ఎక్కువ ఇష్టమైనవి కీర్తి, గుర్రం.

కీర్తిని వేదభాషలో శ్రవస్ అన్నారు. రావణుడి తండ్రి విశ్రవసుడి పేరులో ఉన్నది ఆ మాటే. ఆయన కొడుకు గనుకనే కుబేరుడు వైశ్రవణుడయ్యాడు. గ్రీకులో దాని తోబుట్టువు క్లెయోస్. పెరిక్లీస్, సోఫోక్లీస్ పేర్ల చివరనున్న 'క్లీస్' అదే, హెరక్లీస్ అంటే హేరా దేవత వల్ల కీర్తి పొందినవాడు. స్లావు భాషల్లో అది స్లావ అయి స్తానిస్లావ్, బోలెస్లావ్ వంటి పేర్లను కట్టింది. ప్రాచీన ఇరాన్‌లోని హుస్రవహ్, అంటే అక్షరాలా మన సుశ్రవసుడు, కాలక్రమాన ఖుస్రో అయ్యాడు. కవి అమీర్ ఖుస్రో వల్ల ఖవ్వాలీ పాడే చోటల్లా వినిపించే ఆ పేరుకూ వైశ్రవణుడికీ ఒకటే మూలధాతువు.

గుర్రం సంగతీ ఇంతే. సంస్కృత అశ్వం, పారశీకంలో అస్ప, గ్రీకులో హిప్పోస్. సావిత్రి తండ్రి అశ్వపతి, పుట్టగానే గుర్రంలా సకిలించాడు కనుక ఆ పేరు పొందాడని భారతం చెప్పే అశ్వత్థామ ఒకవైపు. జామాస్ప్, తహ్మాస్ప్ ఇంకొకవైపు. గుర్రాలంటే ప్రేమ గలవాడన్న అర్థంలో ఫిలిప్ మరొకవైపు. హుమాయూన్‌కు ఆశ్రయమిచ్చిన ఇరాన్ రాజు షా తహ్మాస్ప్ పేరుకు 'బలమైన గుర్రాలు గలవాడు' అని అర్థం చెబుతారు. ఆ కాలంలో గుర్రాలంటే సంపద, సైన్యం, హోదా అన్నీ అవే.

అయితే ప్రతి పోలికనూ నమ్మరాదు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు, కిందనున్న నికిత సంగతి చూడండి.

విలియం అంటే 'సంకల్పం, శిరస్త్రాణం' అని ఉంది. ఇదేం అర్థం?

విడివిడిగా రెండూ సరైన అర్థాలే, కలిపితే వాక్యం కాదు. పాత జర్మానిక్ పేర్లలో చాలావాటి తీరు ఇంతే: ఫ్రెడరిక్ అంటే శాంతి, పాలకుడు, రాబర్ట్ అంటే కీర్తి, ప్రకాశం, రిచర్డ్ అంటే అధికారం, దృఢత్వం. ఫ్రెడరిక్ చివరనున్న 'రిక్' మన 'రాజు'కు దూరపు బంధువే.

సమాసం అతకకపోవడానికి కారణం, తల్లిదండ్రులు తమ పేర్లను ముక్కలు చేసి బిడ్డకు పంచడం. పదకొండవ శతాబ్దంలో ఇంగ్లండులోని వుస్టర్‌లో వుల్ఫ్‌స్తాన్ అనే బిషప్ ఉండేవాడు. ఆయన తండ్రి ఎథెల్‌స్తాన్, తల్లి వుల్ఫ్‌గివు. తల్లి పేరులోంచి తోడేలు, తండ్రి పేరులోంచి రాయి తీసుకుంటే వుల్ఫ్‌స్తాన్ అయింది, అంటే తోడేలు రాయి. అమ్మ పేరులోంచి ఒక అక్షరం, నాన్న పేరులోంచి ఒక అక్షరం ఏరి కొత్త పేరు కూర్చే నేటి మన దంపతులు ఇది తమ సొంత ఆలోచన అనుకుంటారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వుల్ఫ్‌స్తాన్ వంటి పేర్లు మెల్లగా మరుగునపడి, గెలిచినవారి విలియం, రాబర్ట్, రిచర్డ్, హెన్రీలే ఊరూరా వినిపించసాగాయి.

అబ్దుల్ అన్నది పూర్తి పేరేనా?

కాదు. 'అబ్ద్' అంటే దాసుడు, 'ఉల్' అన్నది తరువాత రాబోయే మాటకు చెందిన ముక్క. అబ్దుల్ కరీం అంటే దాతృత్వం గల దేవుడి దాసుడు, అబ్దుల్ రహ్మాన్ అంటే దయామయుడి దాసుడు. దేవుడి నామాన్ని వదిలేసి అబ్దుల్ అని మాత్రమే పిలిస్తే సగం మాటే అవుతుంది. దరఖాస్తుల్లో పేరుకు మొదటి గడి, చివరి గడి అని రెండు పెట్టి, అబ్దుల్‌ను ఒకదాంట్లో, కరీంను ఇంకొకదాంట్లో రాయించే పద్ధతి ఈ పేర్లకు కుదరదు.

దాస్యాన్ని పేరుగా ధరించడం అన్ని మతాల్లోనూ ఉంది. కంచెర్ల గోపన్న రామదాసయ్యాడు. బైబిల్లోని ఓబద్యా అంటే యెహోవా దాసుడు, అందులోని తొలి భాగం అరబ్బీ 'అబ్ద్'కు సోదరపదం. స్కాట్లండు పేరు మాల్కంకు కొలంబా అనే పునీతుడి భక్తుడని అర్థం.

అరబ్బీ పేర్లను అర్థం చేసుకోవడానికి ఇంకొక కీలకం, మూడు హల్లుల ధాతువు. హ, మ, ద అన్న మూడూ కలిస్తే పొగడ్త. దానిలోంచి పుట్టినవే ముహమ్మద్, అహ్మద్, మహమూద్, హమీద్, హామిద్. చివరిదానికి పొగిడేవాడని, మిగిలినవాటికి పొగడ్త అందుకునేవాడని, తగినవాడని స్వల్పభేదాలతో అర్థాలు.

'దేవుడిచ్చినవాడు' అన్న పేరు ఎన్ని భాషల్లో ఉంది?

లెక్కపెట్టడం కష్టం. గ్రీకులో థియోడోర్, స్లావు భాషల్లో బొగ్దాన్, పారశీకంలో ఖుదాదాద్, ఫ్రెంచిలో ద్యోదొనే, హీబ్రూలో నతానియేలు, సంస్కృతంలో దేవదత్తుడు. మన వ్యాకరణ శాస్త్రంలో ఉదాహరణ కావలసి వచ్చినప్పుడల్లా పిలిచే మనిషి ఈ దేవదత్తుడే. పతంజలి కాలం నుంచీ ఆయన ఊళ్లకు పోతూ, అన్నం వండుతూ ఉన్నాడు. హాస్య కథల్లో మనం అప్పారావును పిలిచినట్టు.

పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్లు ఎందుకు పెట్టేవారు?

పిల్లలను బతికించుకోవడానికి. వరసగా బిడ్డలు పుట్టి పోతున్న ఇంట్లో, మళ్లీ పుట్టినవాడి మీద మృత్యువు కన్ను పడకుండా ఉండాలంటే వాడు ఎవరికీ అక్కరలేనివాడిలా కనిపించాలి. అందుకని బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసుకొచ్చి పెంటయ్య అనేవారు. భోజనం చేసి లేచిన ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య అనేవారు, పుల్లాకు అంటే ఎంగిలాకు. ఇంకొకరికి ఇచ్చేసి, గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుని తవిటయ్య, తవిటినాయుడు అనేవారు. ఉత్తరాంధ్రలో ఈ పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. బిచ్చమెత్తి తెచ్చుకున్న బిడ్డ అన్నట్టు భిక్షమయ్య అనేవారు. కొందరు మగపిల్లవాడికి ముక్కు కూడా కుట్టించేవారు.

మా నాయనమ్మకు ఒక అన్న ఉండేవాడు, పేరు పెంటయ్య. ముగ్గురు పోయాక పుట్టిన నాలుగోవాడు. పురిటి స్నానం కాగానే మంత్రసాని ఆయన్ను పాత చేటలో వేసి దొడ్డి వెనక పెంటకుప్ప మీద పెట్టిందట, పక్కింటి ఇల్లాలు ఏమీ ఎరగనట్టు అటు వచ్చి, "ఎవరి బిడ్డో పారేసుకున్నారమ్మా, నువ్వు పెంచుకుంటావా?" అంటూ చేటతో సహా తల్లి ఒళ్లో పెట్టిందట. ఎనభై ఏళ్లు దాటి బతికాడు. మనవడి పెళ్లి శుభలేఖలో ఆ పేరు బాగుండదని పాండురంగయ్య అని అచ్చు వేయించారు. ముసలాయన అది చదివించుకుని, "ఈయనెవర్రా?" అని అడిగాడు.

ఈ భయం, ఈ ఉపాయం మన ఒక్కరివే కావు. మంగోలియాలో నెర్‌గుయ్ అంటే 'పేరు లేదు', ఎనెబిష్ అంటే 'ఇది కాదు', హున్‌బిష్ అంటే 'మనిషి కాదు'. వెతుక్కుంటూ వచ్చిన దుష్టశక్తి పేరు విని తికమకపడి పోవాలని. చైనా పల్లెల్లో ముద్దుపేరుగా పెట్టే గౌషెంగ్‌కు కుక్క తినగా మిగిలినది అని అర్థం. తూర్పు ఐరోపా యూదులు జబ్బుపడిన పిల్లవాడికి ఆల్టర్, అంటే ముసలివాడు అని పేరు పెట్టేవారు. పసివాణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన మృత్యుదూతకు అక్కడ ముసలివాడే దొరకాలని. తురుష్కులు మోసం చేయకుండా నేరుగానే అడుగుతారు: దుర్సున్ అంటే 'ఉండనీ', యషార్ అంటే 'బతుకుతాడు'. నైజీరియాలోని యొరుబాలు, చనిపోయిన బిడ్డే మళ్లీ మళ్లీ పుట్టి తల్లిని ఏడిపిస్తాడని నమ్మి, బిడ్డతోనే మాట్లాడతారు. మలోమో అంటే 'మళ్లీ వెళ్లకు', కొకుమో అంటే 'ఇక చావడు', దురోజాయె అంటే 'ఆగు, ఈ లోకాన్ని అనుభవించు'.

మీ వంశవృక్షంలో ఇటువంటి పేరు కనిపిస్తే దాచకండి, దానికి ముందు ఎన్ని పేర్లు రాయకుండా పోయాయో పెద్దవాళ్లను అడగండి.

పుట్టిన వారాన్ని బట్టి, వరసను బట్టి పేర్లు పెడతారా?

ఘనాలోని అకాన్ జనానికి పుట్టిన వారమే తొలి పేరు. ఆదివారం పుట్టిన మగపిల్లవాడు క్వాసి, సోమవారం క్వాద్వో, మంగళవారం క్వాబెనా, బుధవారం క్వాకు, గురువారం యావ్, శుక్రవారం కోఫి, శనివారం క్వామే. 1997 నుంచి 2006 వరకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న కోఫి అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టారు, అది శుక్రవారం. ఆయన మధ్య పేరు అట్టా అంటే కవల.

రోమన్లు క్వింటస్ (అయిదవవాడు), సెక్స్‌టస్ (ఆరవవాడు), డెసిమస్ (పదవవాడు) అంటూ అంకెలతో పిలిచారు. జపాన్‌లో ఇచిరో, జిరో, సబురో పేర్లకు మొదటి, రెండవ, మూడవ కొడుకులని అర్థం. మనకు అంకెలు లేవు గానీ పెద్ద, చిన్న ఉన్నాయి. అల్లసాని పెద్దన పేరులోనూ, 1858లో బాలవ్యాకరణం వెలువరించిన పరవస్తు చిన్నయ సూరి పేరులోనూ ఉన్నవి ఆ మాటలే.

హిందువుల ఇళ్లలో మస్తానయ్య, దస్తగిరి వంటి పేర్లు ఎలా వచ్చాయి?

దర్గా మొక్కుల వల్ల. సంతానం కోసమో, జబ్బు తగ్గాలనో దర్గాకు మొక్కుకుని, పుట్టినవాడికి పీరు పేరు పెట్టుకోవడం నెల్లూరు, గుంటూరు, కడప ప్రాంతాల్లో మామూలు సంగతి. దస్తగిరి అంటే పారశీకంలో 'చేయి పట్టుకుని నడిపించేవాడు', బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి అది బిరుదు. మస్త్ అంటే మత్తు, ఇక్కడ దైవచింతనలో మైమరపు. దానికి మన 'అయ్య', 'రావు' చేర్చేసరికి అది అచ్చం తెలుగు పేరైపోయింది.

మొక్కును పేరుగా మార్చే ఇదే అలవాటు క్షేత్రాల విషయంలోనూ ఉంది. తిరుపతి, సింహాచలం, శ్రీశైలం, యాదగిరి అన్నవి ఊళ్లూ కొండలూ మాత్రమే కావు, మనుషులు కూడా. ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు, అప్పలస్వామి కనిపిస్తే సింహాచలం అప్పన్న గుర్తుకు రావాలి. పల్నాటి వైపు కోటయ్య, కోటేశ్వరరావు అంటే కోటప్పకొండ. మనిషి పేరు విని వాళ్ల పూర్వీకులు ఏ కొండకు బండి కట్టేవారో ఊహించవచ్చు.

గాంధీ, బోస్, స్టాలిన్ అన్నవి ఇంటిపేర్లు కదా, మనవాళ్లకు సొంత పేర్లు ఎలా అయ్యాయి?

స్వాతంత్ర్యోద్యమ కాలంలో అభిమానమే పేరైంది. గుజరాతీలో గాంధీ అంటే సుగంధద్రవ్యాల వర్తకుడు, బోస్ బెంగాలీ ఇంటిపేరు. తెలుగువారు ఆ తేడా పట్టించుకోకుండా కొడుకులకు పెట్టేసుకున్నారు. కమ్యూనిస్టు కుటుంబాల్లో లెనిన్, స్టాలిన్ అలాగే వచ్చారు. ఆ రెండూ ఇంటిపేర్లు కూడా కావు, మారుపేర్లు. స్టాలిన్‌లో ఉన్నది ఉక్కు అన్న రష్యన్ మాట. తమిళనాడు నాయకుడు ఎం.కె.స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టారు, సోవియట్ స్టాలిన్ ఆ నెల 5న చనిపోయాడు. పేరు అలా కుదిరింది.

నికిత మగపేరా, ఆడపేరా?

రష్యాలో మగపేరు. గ్రీకులో 'విజేత' అన్న అర్థం గల నికేతాస్ నుంచి వచ్చింది, సోవియట్ నాయకుడు నికితా కృశ్చేవ్ పేరు అదే. మన దగ్గర అది ఆడపిల్లల పేరు, ఇల్లు అన్న అర్థం గల సంస్కృత నికేతం నుంచి వచ్చిందంటారు. రెండింటికీ సంబంధం లేదు. ఆండ్రియా కూడా ఇటలీలో మగవాడు, చుట్టుపక్కల దేశాల్లో ఆడపిల్ల.

ఆరవ్, రేయాన్ష్ వంటి కొత్త పేర్లకు వెబ్‌సైట్లు చెప్పే అర్థాలు నమ్మవచ్చా?

సరిచూడకుండా నమ్మవద్దు. ఆరవ్ అంటే ప్రశాంతత అని చాలాచోట్ల ఉంటుంది. సంస్కృతంలో ఆరవమంటే ధ్వని, అరుపు, కేక. నెలల పిల్లాడున్న ఇంట్లో ఆ అర్థమే సరిపోతుందనుకోండి, అది వేరే మాట. రేయాన్ష్‌కు సూర్యకిరణంలో భాగమని చెబుతారు. అంశ సంస్కృతమే గానీ, ముందున్న ముక్క సంస్కృత కిరణం కాదు, ఇంగ్లీషు 'రే' ఛాయలు ఉన్నట్టున్నాయి. ఋత్విక్ మాత్రం నికార్సయిన పాత మాట, యజ్ఞం చేయించే పురోహితుడని అర్థం. విహాన్‌కు తెల్లవారుజాము అన్న అర్థం నిలుస్తుంది, హిందీలో బిహాన్ అంటే అదే.

అర్థం లేకపోతే పెట్టకూడదని కాదు. అర్థం లేని పేరును ఇష్టపడి పెట్టుకోవడంలో తప్పు లేదు; లేని అర్థాన్ని ఉందని చెప్పి అమ్మడంలో ఉంది.

పెట్టదలచిన పేరును ఎలా సరిచూసుకోవాలి?

సంస్కృతం మాటైతే తత్సమాలున్న తెలుగు నిఘంటువులోనో, సంస్కృత నిఘంటువులోనో మూలరూపం చూడండి. అంటే ఇషాన్ కోసం కాక ఈశానుడి కోసం వెతకాలి. అరబ్బీ, పారశీక పేర్లకు ఉర్దూ బాగా తెలిసినవారిని అడగడం మేలు, ఎందుకంటే తెలుగు లిపిలో ఒకేలా కనిపించే రెండు మాటలు అక్కడ వేరువేరు అక్షరాలతో ఉండవచ్చు. తరువాత ఇంటిపేరుతో కలిపి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కాగితం మీద రాసి, అన్ని కాగితాల్లోనూ అదే వర్ణక్రమం ఉండేలా అప్పుడే ఖాయం చేసుకోండి. చివరిగా, పేరు ఎంత పెద్దదైనా ఊళ్లో దాన్ని రెండక్షరాలకు కుదించి, చివర 'గాడు' చేర్చి పిలుస్తారు. సుబ్రహ్మణ్యం సుబ్బిగాడయినట్టు మీరు అనుకున్న పేరు ఏమవుతుందో, బియ్యంలో రాయకముందే ఒకసారి పైకి అని చూసుకోండి.